మర్యాద తప్పని సభ

38వ ఏడు, 102వ దినం

సభ పుస్తకం రాయడం మధ్యస్థురాలి పని. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎవరి చేతి నీళ్ళు తాగారో, ఎర్రబల్బు ఎన్నిసార్లు వెలిగిందో అందులో రాస్తాను. సొంత మాట ఒక్కటి కూడా రాయకూడదు. పందొమ్మిదేళ్ళుగా రాయలేదు. ఇది ఆ పుస్తకం కాదు, నాది. ఇక్కడ నా నోటికి తాళం లేదు.

ఈరోజు ఎండ రాకముందే పైకి పోయి సోలార్ పలకలు తుడిచి వచ్చాం. జట్టులో పెద్దదాన్ని నేనే కాబట్టి నాకు అంచు పలకలు ఇస్తారు, వంగే పని తక్కువని. సూర్యుడు తల ఎత్తేలోగా గని నోట్లోకి దిగిపోవాలి. ఆ తర్వాత అరగంట పైన నిలబడితే మనిషి మిగలడు. కిందికి వచ్చి పరదాలు తడిపి కట్టాను, పుట్టగొడుగులు కోశాను. ఈ పాత బొగ్గు గనిలో ఆరువందల మందిమి బతుకుతున్నామంటే సగం పుణ్యం పుట్టగొడుగులదే. వాటి వాసన మాత్రం జన్మకు పోదు.

కోత అయ్యాక చూస్తే సభ గోడ మీద భూలక్ష్మి కాగితం అంటించి ఉంది. భూలక్ష్మి గాలి కొలిచే మనిషి. ముప్పై ఐదేళ్ళుంటాయి, మాట తక్కువ, లెక్క ఎక్కువ. మా గనికి మూడు వరసలు: పై వరస, నడిమి వరస, అడుగు వరస. అడుగు వరసలో ప్రాణవాయువు నూటికి ఇరవై ఒకటి ఉండాల్సింది పంతొమ్మిదికి దిగిందనీ, పాత సొరంగాల్లోంచి ఊపిరికి పనికిరాని చచ్చుగాలి ఊరుతోందనీ, ఆ వరసను ఇటుక గోడతో మూసేయాలనీ రాసింది.

అడుగు వరసలో ఎవరూ కాపురముండరు. అక్కడ ఉన్నది మైసమ్మ గుడి. గనిలోకి దిగిన మొదటి రోజు పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది. ముగ్గురు మనుషులు వంతులవారీగా ఆ దీపం దగ్గర కూర్చుంటారు. పొద్దుటి వంతు నా బిడ్డ సుగుణది.

38వ ఏడు, 105వ దినం

మొదటి కూర్చోలు, అంటే రెండు పక్కలూ ఎదురెదురుగా కూర్చునే సభ, అయింది. దీపం తరఫున కనకయ్య వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, దీపం వాళ్ళందరికీ పెద్ద. భూలక్ష్మి తన చేత్తో ఆయనకు నీళ్ళిచ్చింది, ఆయన తన చేత్తో ఆమెకు ఇచ్చాడు. ఇద్దరూ తాగాక నేను గంట కొట్టాను. మా సభ గోడ మీద "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. దాని కింద ఎర్రబల్బు. గొంతు హద్దు దాటితే అది వెలుగుతుంది, వెలిగితే ఆ రోజుకు సభ లేస్తుంది.

అసలు నియమం వేరే ఉంది. ఎదుటివాడికి జవాబు చెప్పాలంటే ముందు వాడి మాటను మన నోటితో వాడికి తిరిగి చెప్పాలి. వాడు విని, "ఇదే నా మాట" అనాలి. అప్పుడే మన జవాబు. ఈ నియమం పెట్టిన ఏడు నాకు కన్నీళ్ళొచ్చాయి, అంత గొప్పగా అనిపించింది.

ఎందుకు పెట్టారంటే, పందొమ్మిదో ఏట ఇలాంటి గొడవే జరిగింది. జాతర నాడు సాంబ్రాణి పొగ అమ్మవారి దగ్గర నిలవాలంటే గాలి పంకా ఒక గంట ఆపాలని ఒక పక్క, ఆపితే మనుషులు పోతారని ఇంకో పక్క. మాటా మాటా పెరిగింది, పారలు లేచాయి, ఏడుగురు పోయారు. అందులో మా ఆయన రాజలింగు ఒకడు. ఆపుదామని మధ్యలోకి పోయాడు. ఎవరి పార తగిలిందో ఇవాళ్టికీ తేలలేదు. ఏ పక్క మీదా పగ పెట్టుకునే వీలు లేని మనిషిని కాబట్టి నన్నే మధ్యస్థురాలిని చేశారు. లోకంలో ఇట్లాంటి అర్హత ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు.

ఈరోజు కనకయ్య ముందు చెప్పాడు. "అమ్మ ముందుగాల దిగింది, మనం ఎనక దిగినం. దిగిన నాడు లెక్కలోళ్ళు ఆరేండ్ల కంటె ఎక్కువ బతకమన్నరు. ముప్పై ఎనిమిదేండ్లాయె, బతికే ఉన్నం. అమ్మను గోడ ఎనక ఏసి మనం పైన పంటమా?"

భూలక్ష్మి తిరిగి చెప్పింది. "లెక్క తప్పయింది కాబట్టి అమ్మనే కాపాడింది అంటున్నరు. ఇదేనా పెద్దయ్యా మీ మాట?"

కనకయ్య తల అడ్డంగా ఊపాడు. "లెక్క తప్పని నేననలే బిడ్డా. లెక్కకు అందనిది ఒకటున్నదన్న. రెండు ఒకటి కాదు."

నిజమే, రెండూ ఒకటి కాదు. భూలక్ష్మి కూడా ఒప్పుకుని ఇంకోసారి చెప్పడానికి ప్రయత్నించింది. కుదరలేదు. వేళ అయిపోయింది. ఇద్దరూ దండం పెట్టుకుని లేచారు. మనసులో ఇద్దరి మీదా గౌరవమే కలిగింది.

38వ ఏడు, 113వ దినం

ఏడో కూర్చోలు. ఇప్పటిదాకా ఒక్క "ఇదే నా మాట" కూడా రాలేదు.

మొదట్లో నిజంగానే అర్థం కాకపోవడం. ఇప్పుడు అది కాదు. నేను పందొమ్మిదేళ్ళుగా మొహాలు చూస్తున్న దాన్ని. "ఇదే నా మాట" అంటే ఎదుటివాడికి జవాబు చెప్పే హక్కు వస్తుంది. జవాబు వస్తే ఓడిపోతామేమో. కాబట్టి అనకుండా ఉంటే చాలు. కనకయ్య ఈరోజు భూలక్ష్మి మాటను చక్కగా, ఆమె చెప్పినదానికంటే బాగా చెప్పాడు. "దగ్గరికొచ్చిన్రు పెద్దయ్యా, జర మిగిలింది" అంది భూలక్ష్మి. ఏం మిగిలిందో ఆమెకే తెలియదని నాకు తెలుసు. అంతకుముందు ఈయన ఆమెను నాలుగుసార్లు అట్లాగే తిప్పాడు. గొంతు లేవలేదు, బల్బు వెలగలేదు, ఒక్క పొల్లుమాట లేదు. కూర్చున్న జనం కూడా ఎంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారో అని మురిసిపోతూ వెళ్ళారు. నాకు మాత్రం వాళ్ళిద్దరి వీపులు చరచాలనిపించింది.

ప్రాణవాయువు పద్దెనిమిదిన్నర.

మధ్యాహ్నం సుగుణ వంతు దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. మధ్యస్థురాలు సభలో నలుగుతున్న సంగతిని సభ బయట ఎవరితోనూ ఎత్తకూడదు, కన్నబిడ్డతో కూడా. ఇరవై నాలుగో ఏట నాతో పాటు వంతుకు మధ్యస్థుడిగా కూర్చున్న ఎల్లయ్య బయట ఒక్క మాట జారితే మళ్ళీ పారలు లేచే దాకా పోయింది. అందుకే కింద గాలి ఎట్లా ఉందని నా బిడ్డను అడగడానికి లేదు.

"మోకాళ్ళు నొస్తున్నయా బిడ్డా?" అన్నాను.

"లే అమ్మా. తల జర బరువుగున్నది, గంతే."

"బువ్వ తిను."

తింది. దానికి పదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ తర్వాత అది దీపం దగ్గరికి పోయింది, నేను సభకు పోయాను. దీపం దగ్గర కూర్చుంటే నాయన పక్కన కూర్చున్నట్టు ఉంటుందని ఒకసారి చెప్పింది. ఆ మాట విన్నాక నేను దాన్ని ఎప్పుడూ ఆపలేదు.

38వ ఏడు, 121వ దినం

ఈ గొడవ మొదలయ్యాక నిన్న మొదటిసారి దీపం మసకబారింది. పదిహేడున్నర.

దీపం మసకబారితే దగ్గరున్న మనిషి అది తేరుకునే దాకా కదలకూడదని ఆచారం. సుగుణ తన వంతు అయిపోయాక కూడా నాలుగు గంటలు కూర్చుంది. పైకి వచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. మెట్ల దగ్గర కనకయ్యే దాని చేయి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరైనా చెడ్డవాళ్ళయితే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మొహం దొరికేది.

ఈరోజు సభలో ఆయనే ఆ ఆచారం పుట్టుక చెప్పాడు. "మొదటేండ్లల్ల పంకా ఊకె ఆగుతుండె. దీపం మసకైతే పంకా ఆగినట్టు లెక్క. దగ్గరున్నోళ్ళు కదలకుండ గంట కొట్టాలె, పైన పంకా కాడోళ్ళు ఇని సురువు జేయాలె. అట్ల మా నాయన ఒక్క ఏడాదిల పదిసార్లు గీ ఊరిని బతికించిండు."

భూలక్ష్మి అదిరిపడి చూసింది. అంటే ఆ రోజుల్లో ఆ దీపమే గాలి కొలిచే యంత్రం, దాని దగ్గర కూర్చున్నవాళ్ళే గాలి కొలిచే మనుషులు. ఇప్పుడు పంకాకు గంట తనంతట తానే మోగుతుంది. మనిషి గంట కొట్టడం ఆగిపోయింది, కూర్చోవడం మిగిలింది. ఆ నిమిషంలో ఇద్దరూ ఒకే మాట మీదికి వస్తారనుకున్నాను, నిజంగా అనుకున్నాను. దీపాన్ని నడిమి వరసకు తెచ్చుకుని కింద గోడ కట్టుకుంటే సరిపోతుంది. చిన్నపిల్లలకు కూడా తడుతుంది.

"మరి మీ నాయన కట్టిన లెక్కనే నేను చెప్తున్న పెద్దయ్యా" అంది భూలక్ష్మి.

"ముందుగాల నా మాట తిరిగి చెప్పు బిడ్డా" అన్నాడు కనకయ్య మెల్లగా. "నియమం నియమమే గద."

ఆమె చెప్పింది. ఆయన, "దగ్గరికొచ్చినవ్" అన్నాడు.

38వ ఏడు, 126వ దినం

పదకొండో కూర్చోలు. ఈరోజు నేను విన్నది ఎవరూ వినలేదు.

కనకయ్య భూలక్ష్మి మాటను తిరిగి చెబుతూ, "చచ్చుగాలి బరువుది, నీళ్ళలెక్క నేల మీద నిలుస్తది, అదీ నీ మాట" అన్నాడు. ఆ తర్వాత భూలక్ష్మి కనకయ్య మాటను తిరిగి చెబుతూ, "దీపం అమ్మవారి గద్దె మీద, మనిషి ఎత్తున ఉంటది, కూసునేటోళ్ళు అమ్మ కాళ్ళ కాడ నేల మీద కూసుంటరు, గది భక్తి అంటున్నరు" అంది. ఎవరి నోటితో వాళ్ళు ఎదుటివాడి మాట అప్పజెప్పారు. చెప్పి ఎదుటివాడు ఒప్పుకుంటాడా లేదా అని చూశారు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్కరికీ తట్టలేదు.

నాకు తట్టింది. భూలక్ష్మి కొలిచే యంత్రం గద్దె పక్కన మేకుకు వేలాడుతోంది, నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తున. ఈరోజు కాగితం మీదున్న పదిహేడు అనేది అక్కడి లెక్క. నా బిడ్డ కూర్చునేది నేల మీద. అక్కడ ఎంతుందో ఎవరూ కొలవలేదు.

నోటిదాకా వచ్చింది. మధ్యస్థురాలు సభలో సొంతమాట కలపకూడదు. నేను కలిపితే ఆమె మా పక్క మాట్లాడిందని ఒకరూ, మా మీద మాట్లాడిందని ఇంకొకరూ లేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఎవరూ ఎవరినీ కొట్టలేదంటే నేను నోరు మూసుకుని ఉండటం వల్లే అని అందరూ అంటారు, నేనూ నమ్మాను. ఇంకో పది రోజుల దాకా ముప్పు లేదని భూలక్ష్మి కాగితం మీద ఉంది. ఏదో ప్రశ్న రూపంలో మూడు రోజుల తర్వాత జరిగే కూర్చోలులో అడిగిద్దామనుకుని గంట కొట్టేశాను. కక్కలేక మింగలేక ఇంటికొచ్చాను.

38వ ఏడు, 127వ దినం

వడ్రంగి దగ్గరికి పోయి ఎత్తు పీట ఒకటి అడిగి తెచ్చాను. సుగుణకు ఇచ్చి, మోకాళ్ళ కోసమని చెప్పాను.

"దీని మీద కూసో బిడ్డా. నేల మీద కూసోకు."

"అమ్మవారికి సమానంగ ఎట్ల కూసుంటనే?" అని నవ్వింది. "అయినా తెచ్చినవ్ గదా, తీస్కపోత."

"కూసుంటవా మరి?"

"ఏమైందే నీకు ఇయ్యాల?"

ఏమీ లేదన్నాను. పీట తీసుకుని పోయింది. మధ్యాహ్నం వచ్చాక పీట పనికొచ్చిందా అని అడిగితే, మస్తు పనికొచ్చింది, నూనె చెంబు దాని మీద పెట్టుకున్నానంది.

38వ ఏడు, 133వ దినం

129వ దినాన్ని ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు రాయలేకపోయాను.

పన్నెండో కూర్చోలు. కనకయ్య భూలక్ష్మి మాటను తిరిగి చెబుతున్నాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. లెక్కలు కూడా చెప్పాడు, తేదీలతో సహా. భూలక్ష్మి మొహంలో పట్టు సడలడం కనిపించింది. ఈసారి ఒప్పుకుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడు వాకిట్లో ఓదెలు కనిపించాడు. మధ్యాహ్నం వంతు ఆయనది. అరవై దాటిన నెమ్మదస్తుడు. చేయి పైకెత్తి నిలబడ్డాడు. సభలో మాట్లాడాలంటే మా దగ్గర అట్లా నిలబడాలి. నేను ఆగమని అరచేయి చూపించాను. ఆగాడు.

కనకయ్య చెబుతూనే ఉన్నాడు. నేను మళ్ళీ ఓదెలు వైపు చూశాను. చేయి అట్లాగే ఉంది. మళ్ళీ అరచేయి చూపించాను. ఇన్నాళ్ళకు ఒక "ఇదే నా మాట" రాబోతోంది, దానికి అడ్డం పడనివ్వకూడదనుకున్నాను. పావుగంట అయ్యుంటుంది.

భూలక్ష్మి, "దగ్గరికొచ్చిన్రు" అంది.

నేను ఓదెలుకు చేయి ఊపాను. ఆయన లోపలికొచ్చి ముందు ఇద్దరికీ దండం పెట్టాడు. "కింద దీపం ఆరింది. మెట్ల మలుపు కాడికెల్లే చూసిన, సీకటున్నది. సుగుణను పిలిస్తే పలుకుత లేదు. దీపం సంగతి సభల నడుస్తున్న సంగతి, వంతు రాకుండ నోట్లకెల్లి ఎట్ల తీయాల్నని ఆగిన."

తర్వాతిది తొందరగా రాస్తాను. భూలక్ష్మే ముందు పరుగెత్తింది, తడిగుడ్డ మొహానికి కట్టుకుని. కనకయ్య ఆ వయసులో ఆమె వెనక పోయాడు. ఇద్దరూ కలిసి నా బిడ్డను మెట్లు ఎక్కించారు. గద్దె కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉందట, నిద్రపోతున్నట్టు. ఇంకా వెచ్చగా ఉంది. పావుగంట ముందయితే బతికేదా అని భూలక్ష్మిని అడిగాను. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, అందుకని నేల చూసింది.

దీపం ఆరితే ఏం చేయాలో ఏ ఆచారంలోనూ లేదు. నా బిడ్డకు మాత్రం మసకబారితే కదలకూడదని తెలుసు. కదలలేదు.

నేను చంపుకున్నాను దాన్ని, ఈ అరచేత్తో.

38వ ఏడు, 136వ దినం

అడుగు వరసకు గోడ కట్టారు. ఈసారి ఎవరూ ఎవరి మాటా తిరిగి చెప్పలేదు. కనకయ్య ఇటుక అందించాడు, భూలక్ష్మి పెట్టింది. ఒక్క పూటలో అయిపోయింది. ఇంత తేలికైన పని కోసం ఇరవై ఐదు రోజులు కూర్చోబెట్టానని తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, మాకు ఆకులు కూడా మర్యాదగా అందించుకోవడం వచ్చు.

నడిమి వరసలో, గోడకు ఇవతల, కొత్త దీపం వెలిగించారు. భూలక్ష్మి అడ్డు చెప్పలేదు. యంత్రాన్ని ఈసారి నేలకు జానెడెత్తులో మేకు కొట్టి తగిలించింది. అక్కడ ఇరవై ఉంది, ఇప్పటికి.

38వ ఏడు, 158వ దినం

నేను సభకు రానన్నాను. రాకపోతే పారలు లేస్తాయన్నారు. నిజమే, లేచేలాగే ఉన్నాయి. పోయి కూర్చున్నాను.

సంగతి ఏమిటంటే, కొత్తగా కట్టిన గోడ మీద సుగుణ పేరు రాయాలి. పేరు కింద ఏం రాయాలో తేలడం లేదు. చచ్చుగాలి వల్ల పోయిందని రాయాలని భూలక్ష్మి పక్క. అమ్మ సన్నిధిలో ఒదిగిందని రాయాలని కనకయ్య పక్క. ఇద్దరూ ముందు నా దగ్గరికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగారు, ఆ తర్వాత కూర్చున్నారు.

ఇవాళ్టికి ఎనిమిది కూర్చోళ్ళు. నా బిడ్డ ఎట్లా పోయిందో ఒకరి నోటితో ఒకరు తిరిగి చెప్పుకుంటున్నారు, నేను వింటున్నాను. గొంతు లేవడం లేదు. బల్బు వెలగలేదు. సభ పుస్తకంలో అదే రాశాను, మర్యాద తప్పలేదు అని.

38వ ఏడు, 171వ దినం

యంత్రం మీద పంతొమ్మిదిన్నర. గోడ సందుల్లోంచి వస్తోందని భూలక్ష్మి కాగితం అంటించింది. సభకు తేదీ పెట్టారు.

సుగుణ వంతు ఇప్పుడు వెంకటమ్మది. ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి, నిదానమైన మనిషి. ఈరోజు కోత మానేసి దాని దగ్గరికి పోయాను. దీపం దగ్గర నేల మీద కూర్చుని వత్తి సరిచేస్తోంది. పక్కన కూర్చున్నాను. పందొమ్మిదేళ్ళలో ఇట్లాంటి పని నేను చేయలేదు.

"వెంకటమ్మా, ఒక మాట. దీపం మసకబారితే నువ్ కూసోకు. లేచి పైకి ఉరుకు. ఎవ్వలు ఏమన్న అననీ. నీకు పిల్లలున్నరు."

అది చేతిలో వత్తి పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరోజనక్కా, నీ బాధ నాకెర్కనే" అంది. "గనీ నువ్ మధ్యస్థురాలివి. సభల ఉన్న సంగతి నువ్వే గిట్ల ఒక పక్క మాట్లాడితే ఎట్లక్కా? నేను ఎవ్వలకు చెప్పను తియ్. నువ్ పో, పనికి యాల్లయితది."

ఎంత మర్యాదగా చెప్పిందంటే, నాకు లేచి రావడం తప్ప ఏమీ తోచలేదు.